అబెరిస్ట్‌విత్‌లో పబ్బులు, ఇరుగుపొరుగు, రోజువారీ బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేల్స్ పడమటి తీరంలో, కార్డిగన్ అఖాతం ఒడ్డున ఉన్న ఈ ఊరికి యూనివర్సిటీలో చదువుకోవడానికో, బ్రాంగ్లైస్ ఆసుపత్రిలో ఉద్యోగానికో వచ్చే తెలుగువాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు అవే. ఇల్లు, బ్యాంకు, బియ్యం సంగతి ఎవరో ఒకరు చెబుతారు. పబ్ దగ్గరికొచ్చేసరికి అడగడానికి మొహమాటం, చెప్పడానికి ఇంకా మొహమాటం. అందుకే ఇక్కడ సగానికి పైగా దాని గురించే ఉంటుంది. ఒక్కమాట ముందే చెప్పేస్తాను: తాగినా తాగకపోయినా పబ్‌లో కూర్చోవడం అలవాటు చేసుకోనివాళ్ళకు ఈ ఊరు మూడేళ్ళు ఉన్నా తలుపు తెరవదు.

ఇంతకీ ఇది ఎంత ఊరు?

ఊరి హద్దుల వరకే లెక్కేస్తే పదిహేను వేలమంది కూడా ఉండరు. సెప్టెంబరు చివర్లో విద్యార్థులు దిగగానే వీధులు కిక్కిరిసిపోతాయి, జూన్‌లో ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. ఉస్ట్‌విత్, రైడోల్ అని రెండు నదులు ఇక్కడే సముద్రంలో కలుస్తాయి. రైలు 1864లో వచ్చింది. దాన్ని నమ్ముకుని సముద్రపు ఒడ్డున కట్టిన పెద్ద హోటల్ దివాలా తీస్తే, ఆ భవనంలోనే 1872లో 26 మంది విద్యార్థులతో కాలేజీ మొదలైంది. ఇప్పటి యూనివర్సిటీ అదే. ఊరివాళ్ళు పూర్తి పేరు పలకరు, 'అబెర్' అంటారు. మీరూ అలాగే అనండి.

పబ్ అంటే జూబ్లీహిల్స్ పబ్ లాంటిదేనా?

కాదు. ఇందులో దేనికీ దానితో పోలికే లేదు. తలుపు దగ్గర బౌన్సరు, కవర్ ఛార్జి, 'జంటలకే ప్రవేశం' అనే బోర్డు, చెవులు చిల్లులు పడే పాటలు ఉండవు. అలాగని మన బ్రాందీ షాపు పక్కన పర్మిట్ రూమూ కాదు. మన ఊళ్ళలో మందు దొరికే చోటు అంటే ఆడవాళ్ళు తలదించుకుని దాటిపోవాల్సిన చోటు. ఆ ముద్ర మన బుర్రలో గట్టిగా పడిపోయింది కాబట్టి ఇక్కడి పబ్ మెట్లు ఎక్కడానికి కాళ్ళు రావు.

ఇక్కడ పబ్ ఊరి రచ్చబండ, కాకపోతే వానకు తడవకుండా పైన కప్పు వేశారు. రిటైరైన మాస్టారు సాయంత్రం పేపరు పట్టుకుని వచ్చి ఒక హాఫ్ (అర పింటు బీరు) ముందు పెట్టుకుని గంటన్నర కూర్చుంటాడు. కాళ్ళకింద అతని కుక్క పడుకుని ఉంటుంది. పక్క బల్ల మీద ఎవరి పుట్టినరోజో, ఆ పక్కన అంత్యక్రియలు ముగించుకుని నల్లబట్టల్లో వచ్చినవాళ్ళు. ప్లంబరు కావాలన్నా, గది ఖాళీ ఉందేమో తెలియాలన్నా, క్రికెట్ జట్టులో ఆడే మనిషి కావాలన్నా మొదటి కబురు ఇక్కడే తేలుతుంది.

నేను తాగను. అయినా వెళ్ళొచ్చా?

నిరభ్యంతరంగా. లైమ్ అండ్ సోడా అడగండి. అన్నిటికన్నా చవక, ఎవరూ వింతగా చూడరు. ఆల్కహాల్ లేని బీరు ఇప్పుడు దాదాపు ప్రతి చోటా ఉంటుంది. చాలాచోట్ల కాఫీ, టీ కూడా ఇస్తారు. మందు అమ్మే లైసెన్సు ఉండి అక్కడే కూర్చుని తాగే ఏ చోటైనా, అడిగినవాళ్ళకు కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. అలాగని గ్లాసు నీళ్ళతో మూడు గంటలు బల్ల ఆక్రమించడం మర్యాద కాదు, అది వేరే సంగతి.

'ఎందుకు తాగవు?' అని ఒకసారి అడుగుతారు. 'అలవాటు లేదు' అంటే చాలు. మతం, కులం, అమ్మకిచ్చిన మాట, లివరు రిపోర్టు ఏవీ విప్పక్కర్లేదు. సంజాయిషీ పొడుగైనకొద్దీ ఎదుటివాడికే ఇబ్బంది. నిజానికి వేల్స్‌లో తాగనివాళ్ళకు పెద్ద చరిత్రే ఉంది. ఆ ముచ్చట ఆదివారం ప్రశ్నలో చెబుతాను.

లోపలికెళ్ళాక కూర్చుంటే ఎవరైనా వచ్చి అడుగుతారా?

రారు. అరగంట కూర్చున్నా రారు. కౌంటరు దగ్గరికి మీరే వెళ్ళి, చెప్పి, అక్కడికక్కడే డబ్బు కట్టి, గ్లాసు మీరే మోసుకొచ్చుకోవాలి. కౌంటరు ముందు వరస కనబడదు, జనం అడ్డంగా నిలబడి ఉంటారు. కానీ ఎవరి తర్వాత ఎవరన్నది అక్కడ అందరికీ తెలుసు, పోసే మనిషికి ఇంకా బాగా తెలుసు. చెయ్యి ఊపడం, చిటిక వేయడం, కార్డుతో బల్లమీద కొట్టడం వద్దు. కళ్ళు కలిపి చిన్నగా తలూపితే సరిపోతుంది. మీకన్నా ముందు వచ్చిన మనిషిని వదిలేసి మిమ్మల్ని అడిగితే 'ముందు ఆయన' అని చూపించండి. ఆ ఒక్క పనితో మీకు ఊళ్ళో సగం మర్యాద దక్కుతుంది.

టిప్పు ఇవ్వక్కర్లేదు. బాగా పరిచయమయ్యాక 'నీకూ ఒకటి తీసుకో' అంటారు. దాని ధర మీ బిల్లులో కలుపుకుంటారు. భోజనానికి కూర్చుంటే మాత్రం కొందరు పది శాతం వదులుతారు. తప్పనిసరి కాదు.

'రౌండు' అంటే ఏమిటి? జేబుకు చిల్లు పడుతుందా?

జాగ్రత్తగా లేకపోతే పడుతుంది. నలుగురు కలిసి వెళితే ఒకరు నలుగురికీ కొంటారు, గ్లాసులు అయ్యేసరికి రెండోవారు లేచి నలుగురికీ కొంటారు. అలా తిరుగుతుంది. పింటు నాలుగైదు పౌండ్లకు తక్కువ ఉండదు, కొన్ని చోట్ల ఇంకా పైనే. కాబట్టి నలుగురి రౌండు అంటే ఇరవై పౌండ్లు అనుకోండి.

ఇక్కడ మనవాళ్ళు రెండు రకాలుగా దొరికిపోతారు. ఒకరు మర్యాద కొద్దీ ప్రతి రౌండూ నేనే ఇస్తానంటూ లేస్తారు. ఇక్కడ అది గొప్ప కాదు, ఎదుటివాళ్ళ వంతు లాక్కున్నట్టు. ఇంకొకరు తాము తాగేది సోడాయే కదా అని తమ వంతు వచ్చినప్పుడు ఫోనులో మునిగిపోతారు. దాన్ని జనం చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. సోడా తాగినా మీ వంతు మీదే. భరించలేననుకుంటే మొదట్లోనే 'నాది నేను కొనుక్కుంటాను' అని చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. విద్యార్థుల్లో చాలామంది అదే చేస్తారు.

బీరులో ఏది అడగాలి? అది వెచ్చగా ఉంటుందట కదా?

వెచ్చగా ఉండదు, మంచులా ఉండదు, అంతే. కౌంటరు మీద పొడవాటి పిడులు నిలబెట్టి ఉంటాయి. వాటి కిందున్న నేలమాళిగలో పీపాలు ఉంటాయి. పీపాలోనే ఇంకా పులుస్తున్న ఈ 'ఏల్'ను సుమారు 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పోసే అమ్మాయి గ్లాసు వంచి పట్టి పిడిని తనవైపు నిదానంగా గుంజుతుంది. సగం నిండుతుంది. మళ్ళీ గుంజుతుంది. మొదట కలకగా, నురగగా ఉన్నది కిందినుంచి పైకి తేరుకుంటూ తేనెరంగుకు వస్తుంది. పైన నురగ అణిగితే ఇంకాస్త పోసి అంచుదాకా తెచ్చి మీ ముందు పెడుతుంది. తెలియకపోతే 'కొంచెం రుచి చూడొచ్చా' అని అడగండి, చిన్న గ్లాసులో రెండు గుక్కలు ఇస్తారు. ఇలా అడగడం నామోషీ కాదు. కిక్కిరిసిన శనివారం రాత్రి తొమ్మిదింటికి మాత్రం అడగకండి.

పింటు అంటే 568 మిల్లీలీటర్లు. మొదటిసారి హాఫ్ చాలు. వేల్స్ సరుకే కావాలంటే కార్డిఫ్ బ్రెయిన్స్, లనెల్లి దగ్గరి ఫెలిన్‌వోయల్ పేర్లు వినబడతాయి. ఫెలిన్‌వోయల్ వాళ్ళు 1935లోనే బీరును డబ్బాలో పోశారు, యూరప్‌లో అలా చేసిన మొదటివాళ్ళు. లనెల్లి తగరపు రేకుల ఊరు కావడమే కారణం, రేకుకు గిరాకీ కావాలి మరి. విస్కీ అయితే పెండెరిన్. 2004 మార్చి 1న, సెయింట్ డేవిడ్ పండుగనాడు, మార్కెట్లోకి వచ్చింది.

శాకాహారులకో మాట: పీపా బీరును తేటపరచడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడటం పాత పద్ధతి. ఇప్పుడు చాలామంది మానేస్తున్నారు కానీ అందరూ కాదు. పట్టింపు ఉంటే 'వీగనా?' అని అడగండి.

పాతికేళ్ళున్నా కార్డు అడుగుతున్నారు. ఆధార్ చూపించొచ్చా?

చెల్లదు. మన డ్రైవింగ్ లైసెన్సును కూడా చాలాచోట్ల ఒప్పుకోరు. కొనడానికి వయసు 18, కానీ చూడటానికి 25 కన్నా తక్కువ అనిపిస్తే అడగాలని చాలా పబ్బుల నియమం. రాత్రిపూట పాస్‌పోర్టు జేబులో వేసుకుని తిరగొద్దు. ఇక్కడి ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టండి, లేదా పాస్ హోలోగ్రాం ఉన్న వయసు గుర్తింపు కార్డు తెప్పించుకోండి.

భోజనం సంగతి? బీఫ్ తినను, లేదా శాకాహారిని.

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం పైకి కనబడదు.

ఆదివారం మధ్యాహ్నం పబ్ భోజనం ఈ దేశపు పెద్ద ఆచారం. పళ్ళెంలో కాల్చిన మాంసం ముక్కలు, నూనెలో వేగిన బంగాళదుంపలు, రెండు మూడు రకాల కూరగాయలు, గుంటలా పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగ్, అన్నిటిమీదా గ్రేవీ. ఎంచుకోవడానికి బీఫ్, పోర్కు, గొర్రె, కోడి ఉంటాయి. మీరు కోడి తీసుకున్నా మీద పోసే గ్రేవీ అందరికీ ఒక్కటే అయితే అందులో బీఫ్ ఉండొచ్చు. దుంపలు వేయించింది ఏ కొవ్వులోనో అడగాలి. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది. శాకాహారులకు గింజలతో చేసిన రోస్టు ఉంటుంది, దానికి వేరే గ్రేవీ ఉందా అని అడగండి.

వెల్ష్ వంటల్లో 'కౌల్' అంటే గొర్రెమాంసం, లీక్ ఉల్లికాడలు, దుంపలు వేసి ఉడికించిన పులుసు, చలికాలానికి మహత్తరం. గ్లామోర్గన్ సాసేజ్ పేరుకే సాసేజ్, అందులో ఉండేది చీజ్, లీక్, రొట్టెపొడి, శాకాహారులు అడగొచ్చు, గుడ్డు తిననివాళ్ళు మాత్రం గుడ్డు వేశారేమో కనుక్కోండి. వెల్ష్ రేర్‌బిట్ అంటే రొట్టె మీద కరిగిన చీజ్ సాస్. చూడటానికి శాకాహారమే, కానీ అందులో బీరు పోస్తారు, వూస్టర్ సాస్ కూడా వేస్తారు. వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి. లేవర్‌బ్రెడ్ సముద్రపు నాచే, రొట్టె కాదు. కాకపోతే తరచుగా పంది కొవ్వులో వేయించి ఇస్తారు.

చిప్స్ దుకాణాల్లోనూ అంతే, కొందరు పశువు కొవ్వు వాడతారు. 'ఏ నూనె?' అన్న ప్రశ్నకు ఎవరూ విసుక్కోరు. అలెర్జీల పుణ్యమా అని అందరూ అలవాటుపడిపోయారు. కూరతో 'హాఫ్ అండ్ హాఫ్' అంటే సగం అన్నం, సగం చిప్స్. నవ్వొస్తుంది కానీ, వానరాత్రి బాగానే ఉంటుంది. బయట తినేటప్పుడు కాకులకన్నా గడుసైన సముద్రపు గల్స్‌తో జాగ్రత్త, చేతిలోంచే ఎత్తుకుపోతాయి.

ఊళ్ళో ఏ పబ్బుకు వెళ్ళాలి?

యాభైకి పైగా పబ్బులున్నాయని ఊరివాళ్ళు గొప్పగా చెబుతారు. ఎవరూ కూర్చుని లెక్కపెట్టినట్టు లేరు, పైగా ఇప్పుడు అన్ని లేవు. నా ఉద్దేశం ఇదీ: భయం పోగొట్టుకోవడానికి రైల్వేస్టేషను పాత భవనంలో ఉన్న వెదర్‌స్పూన్ గొలుసువాళ్ళ పబ్ 'అర్ హెన్ ఓర్సావ్' మంచిది. చవక, ఫోనులో ఆర్డరిస్తే బల్లదగ్గరికే తెస్తారు, పొద్దున్నుంచే తెరిచి ఉంటుంది. కానీ అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. రెండోసారికే దాన్ని దాటి వెళ్ళండి. వేల్స్ సొంత భాష వెల్ష్ చెవిన పడాలంటే బ్రిడ్జ్ స్ట్రీట్‌లోని 'అర్ హెన్ లెవ్ డీ' లేదా లాన్‌బడార్న్ రోడ్డులోని 'అ కూప్స్'. పీపా బీరు మీద పట్టింపు ఉంటే హై స్ట్రీట్‌లోని షిప్ అండ్ కాసిల్. బుధవారం రాత్రి విద్యార్థి క్లబ్బులన్నీ వేషాలు వేసుకుని రోడ్డునపడతాయి, ప్రశాంతత కావాలనుకుంటే ఆ రాత్రి ఇంట్లో ఉండండి.

నేను లోపలికి వెళ్ళగానే అందరూ వెల్ష్‌లోకి మారిపోయారు. నా గురించేనా?

కాదు. మీరు రాకముందు నుంచీ వెల్ష్‌లోనే మాట్లాడుతున్నారు. ఇంగ్లీషువాళ్ళు కూడా వందేళ్ళుగా ఇదే ఫిర్యాదు చేస్తున్నారు. ఈ కౌంటీ కెరెడిగ్యోన్‌లో 2021 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 45 శాతం మంది వెల్ష్ మాట్లాడగలరు. ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మీరేం చేస్తారో గుర్తుతెచ్చుకుంటే కోపం పోతుంది. మీరు మాట కలిపితే వాళ్ళు వెంటనే ఇంగ్లీషులోకి వచ్చేస్తారు కూడా, ఆ మర్యాద మనకన్నా వాళ్ళకే ఎక్కువ.

ఈ ఊళ్ళో భాష చిన్న విషయం కాదు. 1963 ఫిబ్రవరి 2న, చలిలో, వెల్ష్ భాషా సంఘం కుర్రాళ్ళు ఊరి దక్షిణాన ఉన్న ట్రెవెఖాన్ వంతెన మీద కూర్చుని రాకపోకలు ఆపేశారు. కోర్టు సమన్లు వెల్ష్‌లో ఇవ్వాలన్నది వాళ్ళ కోరిక. ఆ సంఘం చేసిన మొదటి నిరసన అదే. ఇవాళ మీరు చూసే రోడ్డు బోర్డులు, బ్యాంకు ఫారాలు, ఆసుపత్రి ఉత్తరాలు రెండు భాషల్లో ఉన్నాయంటే దారి అక్కడ మొదలైంది. 2011లో వెల్ష్‌కు చట్టప్రకారం అధికార హోదా వచ్చింది.

ఎన్ని వెల్ష్ మాటలు నేర్చుకోవాలి?

మూడు చాలు: 'బోరే డా' శుభోదయం, 'డియోల్ఖ్' ధన్యవాదాలు, గ్లాసు ఎత్తేటప్పుడు 'యెఖిడ్ డా'. ఆ 'ఖ' గొంతులోంచి రావాలి. మూడు తప్పుగా పలికినా సంతోషిస్తారు.

ఫోనులో ఇంటికి 'ఇంగ్లాండులో ఉన్నా' అని చెప్పొచ్చా?

ఇంటికి చెప్పుకోండి. పబ్‌లో మాత్రం వద్దు.

ఒకప్పుడు ఆదివారం పబ్బులు మూసేవారట, నిజమేనా?

నిజమే, అదీ చట్టప్రకారం. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ చాపెల్‌దే రాజ్యం, అంటే ఇంగ్లాండు అధికార చర్చి నుంచి విడిపోయిన క్రైస్తవుల ప్రార్థనామందిరాలది. మద్యం మానతామని సంతకాలు పెట్టించడం, మద్యం లేని హోటళ్ళు నడపడం వాళ్ళ ఉద్యమం. ఆ ఊపులో 1881లో వేల్స్‌కు మాత్రమే ఆదివారం మద్యం బంద్ చట్టం వచ్చింది. వేల్స్‌ను ఇంగ్లాండు నుంచి విడిగా చూసి పార్లమెంటు చేసిన చట్టాల్లో ఆధునిక కాలంలో ఇదే మొదటిదని చెబుతారు. సరిహద్దు ఊళ్ళవాళ్ళు ఆదివారం ఇంగ్లాండులోకి నడిచి వెళ్ళి తాగి వచ్చేవారు. 'క్లబ్బు సభ్యులు' అనే పేరుతో లోపల్లోపల తాగడమూ పెరిగింది. మద్యనిషేధం చూసిన తెలుగువాళ్ళకు ఈ కథ కొత్తేం కాదు.

1961లో చట్టం మార్చి, ఏడేళ్ళకోసారి జిల్లాల్లో ఓటింగ్ పెట్టారు. నగరాలు, గనుల ప్రాంతాలు వెంటనే తెరుచుకున్నాయి. ఈ పడమటి వెల్ష్ ప్రాంతాలు చాలాకాలం పట్టుబట్టాయి. చివరికి మిగిలిన ద్వైవోర్ జిల్లా 1996లో ఒప్పుకుంది. అంటే ఆదివారం పబ్ భోజనం అనాదిగా వస్తున్నదని ఎవరైనా చెబితే, ఈ మూల మాత్రం నమ్మకండి.

రగ్బీ తెలియదు. మ్యాచ్ రోజు వెళ్ళాలా?

తప్పకుండా వెళ్ళాలి, నియమాలు తెలియకపోయినా. ఫిబ్రవరి, మార్చిలో ఆరు దేశాల పోటీ జరుగుతుంది. వేల్స్ ఆడే రోజు ఎర్రచొక్కాలతో పబ్ నిండిపోతుంది, గంట ముందే చేరకపోతే నిలబడటానికి కూడా చోటుండదు. జాతీయగీతం మొదలవగానే టీవీ గొంతు వినబడదు. అప్పటిదాకా నోరు మెదపని ముసలాయన గ్లాసు కిందపెట్టి తల పైకెత్తి, రెండో స్వరంలో అందుకుంటాడు. చాపెల్లో నేర్చిన పాట అది. ప్రత్యర్థి ఇంగ్లాండ్ అయితే ఎవరి పక్షమో అడగనే అక్కర్లేదు.

పబ్ క్విజ్‌కు జట్టు దొరుకుతుందా?

ఒంటరిగా వెళ్ళి 'ఎవరికైనా మనిషి కావాలా' అని అడగండి. మనిషికి ఒకటో రెండో పౌండ్లు. బ్రిటిష్ టీవీ ప్రశ్నలకు మీరు పనికిరారు, కానీ భూగోళం, క్రికెట్, రాజధానులు, మూలకాల సంకేతాలు వచ్చినప్పుడు జట్టంతా మీవైపే చూస్తుంది. ఎంసెట్ చదువు ఇక్కడైనా అక్కరకొస్తుంది. పరిచయాలు కావాలంటే దీన్ని మించిన దారి నాకు తెలియదు. బల్ల చుట్టూ రెండు గంటలు ఒకే పనిమీద కూర్చోవాలి కాబట్టి పిచ్చాపాటీ రాదన్న భయం ఉండదు.

ఆడపిల్ల ఒక్కతే వెళ్ళొచ్చా?

పగలూ సాయంత్రమూ మామూలు విషయం. పుస్తకం పట్టుకుని ఒక్కరే కూర్చునే ఆడవాళ్ళు కనబడతారు. రాత్రి పొద్దుపోయాక ఎక్కడైనా తీసుకునే జాగ్రత్తలే: గ్లాసు వదిలి వెళ్ళొద్దు, ఇబ్బందిగా ఉంటే కౌంటరు దగ్గరికెళ్ళి 'ఆంజెలా ఉందా' అని అడగండి. సాయం కావాలన్న సంకేతం అది, పనివాళ్ళలో చాలామందికి తెలుసు.

అమ్మానాన్న వస్తున్నారు. వాళ్ళను తీసుకెళ్ళొచ్చా?

ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్ళండి. ముందే బల్ల చెప్పుకోండి. చీరకట్టుకున్నావిడను ఎవరూ తేరిపార చూడరు, మహా అయితే పక్కబల్ల పెద్దావిడ చీర బాగుందని పలకరిస్తుంది. మందు గ్లాసుల మధ్య పసిపిల్లలు, తాతలు కలిసి అన్నం తినడం చూశాక మన పెద్దవాళ్ళ భయం తగ్గుతుంది. 2007 ఏప్రిల్ 2 నుంచి లోపల పొగతాగడం నిషేధం కాబట్టి ఆ ఇబ్బందీ లేదు. పిల్లల్ని రాత్రి ఒక వేళ దాటాక చాలా పబ్బులు ఉండనివ్వవు, తలుపు మీద రాసి ఉంటుంది.

స్టూడెంట్ వీసా మీద పబ్‌లో పని చేయొచ్చా?

డిగ్రీ స్థాయి చదువైతే క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మించకుండా చేయొచ్చు. గంటలు వారం వారం చూస్తారు, ఒక వారం 25 చేసి మరో వారం 15 చేస్తే సరిపోతుందనుకోవద్దు. డెలివరీ యాప్‌ల పని స్వయం ఉపాధి కింద లెక్క, అది వీసాకు విరుద్ధం. 2024 అక్టోబరు నుంచి టిప్పులు మొత్తం పనివాళ్ళకే చెందాలని చట్టం. ఇంగ్లీషు యాస అర్థం కావడానికి ఆరునెలల క్లాసులకన్నా కౌంటరు వెనక ఆరు వారాలు మేలు.

సూపర్‌మార్కెట్‌లో కొని గదిలో తాగితే చవక కదా?

చవకే, కానీ మీరనుకున్నంత కాదు. వేల్స్‌లో 2020 మార్చి 2న యూనిట్‌కు (10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్‌కు) 50 పెన్నీల కనీస ధర పెట్టారు. 7.5 శాతం ఘాటున్న మూడు లీటర్ల సైడర్ (ఆపిల్ మద్యం) సీసాలో 22.5 యూనిట్లు, అంటే ఆ లెక్కన 11 పౌండ్ల 25 పెన్నీలకు తక్కువ అమ్మకూడదు.

తాగి బండి నడపడం గురించి ఒక్కటే చెబుతాను: రక్తం పరిమితి 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు, దాటితే కనీసం 12 నెలలు లైసెన్సు పోతుంది. డాక్టర్లయితే రిజిస్ట్రేషన్ సంస్థకూ జవాబు చెప్పుకోవాలి. ఒక్క పింటుకైనా తాళాలు ఇంట్లో వదిలేయండి.

పబ్ కాకుండా సాయంత్రాలు ఏం చేయాలి?

సముద్రపు ఒడ్డున ప్రామెనేడ్ మీద ఉత్తరం చివరిదాకా, కాన్‌స్టిట్యూషన్ హిల్ పాదం దాకా నడిచి, అక్కడి ఇనుప కమ్మీని కాలితో తన్ని వెనక్కి రావాలి. ఎందుకు తన్నాలో ఎవరూ సరిగా చెప్పరు. తన్నకుండా వస్తే మాత్రం నడక లెక్కలోకి రాదు. కొండమీదికి 1896 నాటి క్లిఫ్ రైలు ఉంది, 237 మీటర్ల పట్టా మీద నింపాదిగా పాకుతుంది.

అక్టోబరు నుంచి మార్చి దాకా పొద్దుగూకే వేళ 1865 నాటి పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి స్తంభాల మీద కట్టిన కట్టడం) దగ్గర నిలబడండి. వేల కొద్దీ స్టార్లింగ్ పిట్టలు, మన గోరింకల జాతివే, ఆకాశంలో ముద్దగా చేరి, సాగి, మెలితిరిగి, ఒక్కసారిగా కిందికి దిగి పియర్ కింది ఇనుప దూలాల్లో దూరిపోతాయి. అయిదు నిమిషాలపాటు ఆ కిచకిచలో పక్కమనిషి మాట వినబడదు. పెంగ్లైస్ కొండమీద నేషనల్ లైబ్రరీ ఉంది, 1907లో స్థాపించారు. రీడర్ టికెట్టు ఉచితం. సెలవురోజు రైడోల్ లోయలో 1902 నుంచి నడుస్తున్న ఆవిరి రైలు ఎక్కి డెవిల్స్ బ్రిడ్జి వెళ్ళొచ్చు.

చలికాలం ఎలా ఉంటుంది?

మంచుకన్నా గాలి, వాన. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి, అదే జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుగు. గొడుగు దండగ, విరిగిపోతుంది, టోపీ ఉన్న వానకోటు కొనండి. 2014 జనవరి తుఫానుకు ప్రామెనేడ్ బండలు లేచిపోయి, ఒడ్డునున్న హాస్టళ్ళ విద్యార్థులను ఖాళీ చేయించారు. హెచ్చరిక వచ్చిన రోజు అలల ఫోటోకోసం రైలింగు దగ్గరికి వెళ్ళడం శుద్ధ తెలివితక్కువ.

సరుకులు, మందులు?

టెస్కో, మారిసన్స్ ఊళ్ళోనే ఉన్నాయి. కందిపప్పు, గోంగూర, చింతపండు తగినంత కావాలంటే బర్మింగ్‌హామ్ వెళ్ళిన మనిషికి జాబితా ఇవ్వండి. పెద్ద దుకాణాలు ఆదివారం ఆరు గంటలే తెరుస్తారు, మర్చిపోతే పస్తే. డాక్టరు చీటీ మందులు 2007 నుంచి వేల్స్‌లో ఉచితం.

పల్లె పబ్బులు మూతపడుతున్నాయంటున్నారు?

అవును. కరెంటు, గ్యాసు ఖర్చులు, సూపర్‌మార్కెట్ పోటీ, మునుపటంత తాగని కుర్రకారు, అన్నీ కలిశాయి. కానీ ఇక్కడివాళ్ళు చూస్తూ ఊరుకోవడం లేదు. ఉత్తరాన లిథ్‌వాయెన్ ఊరివాళ్ళు తమ పబ్ మూతపడితే 1988లో వాటాలు వేసుకుని కొనుక్కున్నారు, ఇప్పటికీ నడుపుతున్నారు. పెంబ్రోక్‌షైర్‌లో రేకుల పబ్ టఫార్న్ సింక్‌ను 2017లో జనమే కొన్నారు. మన కౌంటీలోనే ఏరాన్ లోయలోని పబ్ కూడా అలాగే ఊరి చేతికొచ్చింది. బడి, పోస్టాఫీసు, చాపెల్ పోయాక ఇది కూడా పోతే ఊరివాళ్ళు ఒకరినొకరు చూసుకునే చోటే ఉండదన్నది వాళ్ళ లెక్క. నాకు ఆ లెక్క సరైనదే అనిపిస్తుంది.

ఎన్నింటికి మూస్తారు? ఇంటికి ఎలా?

పబ్‌ను బట్టి, రోజును బట్టి. చాలాచోట్ల పదకొండు దగ్గర గంట కొడతారు. అది చివరి ఆర్డరు, లేచి పొమ్మని కాదు. ఊళ్ళో అయితే నడకే, పెంగ్లైస్ కొండమీది హాస్టలైతే ఎక్కుడు గుర్తుపెట్టుకోండి. టాక్సీలు తక్కువ, శుక్ర, శనివారాల్లో ముందే చెప్పుకోవాలి. ష్రూస్‌బరీ, బర్మింగ్‌హామ్ వైపు రైలు మామూలుగా రెండు గంటలకొకటి, చివరిది తప్పితే పొద్దున్నే. కార్డిఫ్‌కు నేరుగా రైలు లేదు. దక్షిణంగా కామార్థెన్ లైను 1965లో ఎత్తేశారు, ఇప్పుడు ఆ దారిన టీ1 బస్సు తిరుగుతోంది.